గంగలో కలపని ఎముక

"పేపరోళ్లకు చెప్పినట్టు నాకు చెప్పకుండ్రి మేడం. హనుమంతు కాలుల మీరు పోసింది ఏంది? సీదా చెప్పుండ్రి."

నర్మద మొహం మీదే అడిగేసరికి డాక్టర్ వందన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, వెంటనే మళ్లీ పెట్టుకుంది. కరీంనగర్‌లో ఆమెది చిన్న ఎముకల ఆసుపత్రి. కింది అంతస్తులో ఎవరో అరుస్తున్నారు. ఆ అరుపు పెరిగినప్పుడల్లా ఆమె మాట మధ్యలో తెగిపోతోంది.

"సున్నపురాళ్లు పోసి మనిషిని చంపిన్నట. గదే కద కేసు?"

"కేసు నాకు తెలుసు. కాలు సంగతే తెల్వది."

కేసు ఊరందరికీ తెలిసిందే. మందమర్రి బొగ్గుబాయిలో పైకప్పు కూలి హనుమంతు అనే కార్మికుడికి మోకాలి కింది ఎముక నుజ్జయింది. పగిలిన పెంకులు ఏరి తీసేస్తే నాలుగు వేళ్ల మందాన ఎముకే లేకుండా పోయింది. ఆ ఖాళీని వందన కృత్రిమ ఎముకతో నింపి, పక్కన లోహపు ప్లేటు బిగించి పంపింది. అది జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు హనుమంతు లేడు. డాక్టరమ్మ నకిలీ సరుకు పోయడం వల్ల కాలు మానలేదనీ, చీముపట్టి ఆ విషం ఒంటికెక్కి చనిపోయాడనీ అతని అల్లుడు అంబదాస్ ఫిర్యాదు చేశాడు. శవాన్ని కాల్చేశాక ఇచ్చిన ఫిర్యాదు కాబట్టి పోస్టుమార్టం లేదు. కేసు చూస్తున్న సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భానుప్రసాద్ మాత్రం సాయంత్రానికి వందనను అరెస్టు చేస్తానని కబురు పెట్టాడు. ఆ కబురు అందగానే వందన ఫోన్ చేసింది నర్మదకు.

నర్మద డిటెక్టివ్ ఆఫీసు తెరిచి ఎంతో కాలం కాలేదు. అంతకు ముందు ఇల్లే ఆమె లోకం. బియ్యంలో రాయి ఎక్కడుందో చూడకుండానే వేలికి తెలిసే మనిషి. ఆ వేళ్లనే ఇప్పుడు వేరే పనికి పెట్టింది.

వందన సొరుగులోంచి చిన్న సీసా తీసి ఆమె అరచేతిలో వంపింది. తెల్లటి గుళికలు. సగ్గుబియ్యం కంటే కాస్త చిన్నవి, గరుకుగా ఉన్నాయి.

"గివే. మన బొక్కల ఏ ఉప్పు ఉంటదో గదే ఉప్పును ఫ్యాక్టరీల తయారుచేసి, పెద్ద కొలిమిల కాలుస్తరు. పెంకు లెక్క గట్టిపడ్తది. ఒక్కో గుళికకు కంటికి ఆనని తొర్రలుంటయి. విరిగిన బొక్క రెండు కొసల నడుమ వీటిని నింపుతం. బతికున్న బొక్క ఆ తొర్రలల్లకు పాకుతది, చిక్కుడుతీగ పందిరికి అల్లుకున్నట్టు. ఏడాది తిరిగేటాళ్లకు పందిరి ఏదో తీగ ఏదో చెప్పలేం."

"హనుమంతుకు అల్లుకున్నదా?"

"నేను చూసినప్పటికి సగం పైనే అల్లుకున్నది. ఆఖరి ఎక్స్‌రేకు రావాలె. రాలే. మేం ఫోన్ చేసినప్పుడల్లా అల్లుడే ఎత్తిండు. మామకు జర బాగలేదు, వచ్చేవారం తోల్కొస్త అన్నడు."

"చీము పట్టిందన్నది అప్పుడేనా?"

"చీము మాటే ఎత్తలే. చీము పడితే ఆయన ఊకునేటోడా? ఆపరేషన్ నాడు గుళికలు చూపిస్తే నవ్విండు. 'డాక్టరమ్మా, నల్ల బొగ్గు తవ్వెటోని కాలుల తెల్ల సగ్గుబియ్యం పోస్తవా, పాయసం వండుతవా' అన్నడు. కుట్టు జర ఎర్రగైతెనే పరేషాన్ అయి బస్సెక్కి వచ్చేటోడు."

కింద అరుపు ఇప్పుడు మెట్ల దాకా వచ్చింది. సిరిసిల్లలో మరమగ్గం నడిపే ఒకతను, చేతికి పట్టీతో, తన చేతిలో పోసినది తీసెయ్యమని గొడవ చేస్తున్నాడు. నర్సు ఆపలేకపోతోంది.

"పొద్దటి నుంచి గీయన మూడో మనిషి," అంది వందన.  "ఇప్పుడిప్పుడే అల్లుకుంటున్నది. తెరిచి తీస్తే గా చెయ్యి ఇంక మగ్గం ముట్టదు. నేను జైలుకు పోతే పోత. గీల్లందరు ఎవరో ఒకరి దగ్గర కోయించుకుంటరు. గదీ నా భయం."

నర్మద గుళికలను ఒక్కటి కూడా కింద పడకుండా సీసాలోకి పోసింది. ఒక గుళికను మాత్రం రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. నలగలేదు.

"ఒకటి చెప్పుండ్రి. ఇవి కొలిమిల కాలినవి అన్నరు. మనిషిని కాలవెడితే ఇవేమైతయి?"

వందన సీసా మూత బిగించబోయి ఆగింది.

"ఏం గావు. చితి వేడి వీటికి లెక్కనే కాదు. మానని కాలైతే ఇసుక లెక్క రాలి బూడిదల కలుస్తయి. మానిన కాలైతే..." ఆమె కుర్చీలోంచి లేచింది. "బొక్కతోని పెనవేసుకొని ఒకటే ముక్కగ మిగుల్తది. కాని నర్మదగారూ, దినాలు గూడ అయిపోయినయి. బొక్కలు గంగల కలిపేసిన్రు."

"కలిపిన్రో లేదో అడిగొస్త," అంది నర్మద, పొద్దున కట్టుకున్న టిఫిన్ డబ్బా చేతిలోకి తీసుకుంటూ. దాన్ని ఇంకా తెరవనేలేదు.

*

మందమర్రిలో హనుమంతు ఇల్లు కార్మికుల క్వార్టర్ల వరుసలో చివరిది. వాకిట్లో పోలీసు జీపు ఆగి ఉంది. నర్మద కారు దిగకముందే భానుప్రసాద్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, లోపలికి దారి లేదన్నట్టు.

"వచ్చిన్రా మేడం? నాకెందుకో అనుమానమే ఉండె. డాక్టరమ్మ ఫీజు గట్టిగనే ఇచ్చినట్టున్నది."

"ఫీజు సంగతి మీకెందుకు సార్, మీ జీతంల కోత పడదు కద. ఇంటామెను పలకరించి పోత."

"సాక్షుల్ని చెడగొట్టడానికా?"

"సాక్షులు గట్టోళ్లయితే నా అసొంటిది పలకరిస్తే చెడిపోతరా?"

అతను నవ్వలేదు, కానీ పక్కకు జరిగాడు. జరుగుతూనే, "వంటింట్ల పప్పుల రాళ్లు ఏరినట్టు కాదు మేడం కేసంటే," అని వినపడేట్టు గొణిగాడు.

నర్మద ఆ మాటను అక్కడే వదిలి లోపలికి నడిచింది. ముందు గదిలో నవారు మంచం మీద హనుమంతు భార్య ఐలవ్వ పడుకుని ఉంది. భర్త పోయిన నాటి నుంచి సరిగా తినడం లేదట, మొహం వాడిపోయింది. మంచం పైన గోడకు కొత్త మేకు ఒకటి కొట్టి ఉంది. మేకు చుట్టూ సున్నం పెచ్చు ఊడి, లోపలి ఇటుక ఎర్రగా కనిపిస్తోంది. పటం తగిలించడానికైతే అంత పైన కొట్టరు. నర్మద ఒకసారి చూసి ఊరుకుంది.

అంబదాస్ వంటింట్లోంచి వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. బజార్లో ఒక ఆర్‌ఎంపీ దగ్గర కాంపౌండర్‌గా పని చేస్తున్నానని తనే చెప్పాడు. అతని వెనకాల భార్య రచన, ఐలవ్వ ఒక్కగానొక్క కూతురు, చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"ఆఖరి దినాలల్ల మీ మామ ఎట్ల నడిచేటోడు తమ్మీ?" అని అడిగింది నర్మద.

"ఏం నడుసుడు మేడం, కర్ర పట్టుకొని గిట్ల ఈడ్సుకుంట..." అంబదాస్ నాలుగడుగులు కుంటి చూపించాడు. కుడి కాలు బరువుగా నేలకు రాస్తూ, ఒళ్లంతా ఎడమకు ఒరిగించి నడిచాడు. బాగా సాధన చేసినట్టు నడిచాడు.

"ఆయన చెప్పులున్నయా?"

"చచ్చినోని చెప్పులు ఎవడుంచుకుంటడు?"

"ఉన్నయి," అంది మంచం మీంచి ఐలవ్వ. "తలుపు సందున ఉన్నయి. ఆపరేషన్ అయినంక కొన్నయి. నేనే పారెయ్యనియ్యలే."

నర్మద తలుపు వెనక్కి వంగింది. తోలు చెప్పులు, పక్కనే చేతికర్ర. చెప్పులు రెండూ తిరగేసి పక్కపక్కన పెట్టింది. రెండింటి మడమలూ ఒక్కలాగే అరిగి ఉన్నాయి. కుడిది ఎంత పల్చబడిందో ఎడమదీ అంతే. తర్వాత కర్రను తలకిందులు చేసింది. కింద తొడిగిన రబ్బరు బిళ్ల మీద కంపెనీ ముద్ర కూడా చెరగలేదు.

"సార్, జర గిటు చూడుండ్రి. కాలు ఈడ్సెటోని చెప్పు గిట్ల అరుగుతదా? ఏడాది పట్టుకొని నడిచిన కర్రకు రబ్బరు గిట్ల ఉంటదా?"

భానుప్రసాద్ చెప్పుల వైపు చూసిన మాట నిజం. ఒక్క క్షణం అతని కనుబొమలు ముడిపడ్డాయి. అంతలోనే మళ్లీ మామూలైపోయాడు.

"చెప్పులను కోర్టుల నిలబెడతరా మేడం? మనిషి మంచాన పడ్డడు, చచ్చిపోయిండు. అల్లుడు చెప్తుండు, బస్తీ మొత్తం చెప్తున్నది."

"బస్తీల ఎవరన్న ఆయన కాలుకు చీము చూసిన్రా?"

"అంబదాస్ చూసిండు. రోజు కట్టు కట్టింది గాయనే."

"గాయన ఒక్కడేనా?"

అంబదాస్ మెడ నిక్కించాడు. "ఇంట్ల కాంపౌండర్ ఉండంగ బయటోన్ని పిలుస్తమా?"

"నీకు వయసెంత తమ్మీ?"

"గది ఎందుకు?"

అతను అంత గట్టిగా అడిగాడంటేనే జవాబు చెప్పినట్టయింది. బొగ్గుబాయి ఊళ్లలో పుట్టి పెరిగిన వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేని విషయం అది. పని చేసే మనిషి ఇక బాయిలోకి దిగలేడని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ ఉద్యోగం ఇంట్లో వారసుడికి వస్తుంది. మగపిల్లలు లేని ఇంట్లో అల్లుడికి వస్తుంది. ఉద్యోగంలో ఉండగా చనిపోయినా అంతే. కానీ వారసుడికీ వయసు పరిమితి ఉంటుంది. అది దాటితే జీవితమంతా ఎదురుచూసిన తలుపు మూసుకున్నట్టే.

"ఎందుకంటే, మీ మామ కాలు మానకపోతే నీకు నౌకరి," అంది నర్మద నిదానంగా. "మానితే లేదు. గందుకే ఈ ఇంట్ల ఎవరికన్న ఆయన కాలు మానిందని తెలుసా అని అడుగుతున్న."

రచన ఒక్కసారిగా తల్లి వైపు చూసింది. తల్లి కూతురి వైపు చూడలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది.

"చాలు మేడం!" భానుప్రసాద్ గొంతు పెంచాడు. "మనిషి పోయిన ఇంట్ల కూసుని మాట్లాడే మాటలేనా ఇవి? ఇంకొక్క మాట మాట్లాడితే విచారణకు అడ్డు వచ్చిన్రని మీ మీద గూడ కేసు రాస్త. నడువుండ్రి."

"ఐదు నిమిషాలు. ఆడోళ్లం, మంచినీళ్లు తాగి పోత."

అతను విసుగ్గా చెయ్యి ఊపి, వాకిట్లోకి అంబదాస్‌ను తీసుకుపోయాడు, ఫిర్యాదులో ఇంకేదో సంతకం కావాలంటూ. రచన నీళ్లకు వంటింట్లోకి వెళ్లింది. నర్మద మంచం పక్కన కింద కూర్చుని ఐలవ్వ చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలుతోంది.

"అక్కా, నేను డాక్టరమ్మ మనిషిని. అబద్ధం చెప్ప. నువ్వు చెప్పకున్న తిట్ట. బొక్కలన్ని గంగల కలిపిన్రా?"

ఐలవ్వ వంటింటి వైపు ఒకసారి చూసింది. తర్వాత గాలి పీల్చినంత సన్నగా అంది.

"అన్ని కలిపిన్రు. గా ఒక్కటి కలపలే."

"ఏ ఒక్కటి?"

"దవాఖానల పోసింది. గది మనుషులు చేసిన బొక్క కద బిడ్డా. తల్లి కడుపుల నుంచి తెచ్చుకున్నది కాదు. గంగమ్మకు ఇయ్యబుద్ధి కాలే. బూడిద ఎత్తెటప్పుడు కొంగుల దాసి, కాలవెట్టిన కాన్నే వాగొడ్డుకు పెట్టిన. మీద తెల్లరాయి ఉంటది. ఇనుప పట్టె గూడ గాడనే ఉన్నది. అల్లుడు చూడలే. కుండ మూతి కట్టి జల్దీ జల్దీ అన్నడు. మూడొద్దులు గూడ ఆగలే."

"కాలు ఎట్లుండె అక్కా?"

ఐలవ్వ పెదవులు కదిలాయి. కానీ ఆమె చూపు నర్మద భుజం మీంచి గుమ్మం వైపు వెళ్లి, అక్కడే ఆగిపోయింది. నర్మద వెనక్కి తిరిగింది. తలుపు కర్టెన్ ఊగుతోంది. బయట ఆకు కూడా కదలడం లేదు.

అంబదాస్ లోపలికి వచ్చాడు. చేతిలో గ్లూకోజ్ సీసా.

"అత్తమ్మకు నీరసం మస్తున్నది మేడం. ఇది ఎక్కిస్తే జర కోలుకుంటది. మీరు పోతే నేను పని చూసుకుంట."

అతను మంచం దగ్గరికి వచ్చి, చెయ్యి ఎత్తి, గోడకున్న కొత్త మేకుకు సీసా తగిలించాడు. మేకు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంది.

*

ఎగువన ఎక్కడో వాన పడుతోంది. వాగులోకి ఎర్రనీళ్లు అప్పుడే దిగుతున్నాయి. నర్మద గట్టు దిగి వెళ్లేసరికి హనుమంతును కాల్చిన చోటు నీటి అంచుకు ఇంకా కాస్త దూరంలోనే ఉంది, కానీ నీళ్లు ఆగే తీరులో లేవు. నల్లబడిన నేల, సగం కాలిన మొద్దులు. కొంచెం అవతల చనిపోయిన మనిషి సామాన్లు పారేసిన గుట్ట. చాప, దిండు, ఉండ చుట్టి తాడుతో కట్టిన బొంత.

ముందు తెల్లరాయి వెతికింది. మూడు రాళ్లు కదిపాక దొరికింది. కింద చిన్న గుంట, గుంటలో పాత గుడ్డ మూట. విప్పితే మసిబారిన లోహపు ప్లేటు, దాని పక్కన అరచేయంత ఎముక ముక్క.

నర్మద దాన్ని ముట్టుకోవడానికి ఒక్క క్షణం వెనకాడింది. తర్వాత లోపలే దండం పెట్టుకుని చేతిలోకి తీసుకుంది. కాలి తెల్లబడి, అక్కడక్కడ నీలంగా, సన్నటి బీటలతో ఉంది. ఒక పక్క ప్లేటు మరలు దిగిన గుంటలు వరుసగా ఉన్నాయి. ప్లేటు ఆనించి చూస్తే దాని తొర్రలకు సరిగ్గా కలిశాయి. ఆ గుంటల మధ్య, ముక్క నడుమ భాగంలో గసగసాలు అద్దినట్టు గుళికల మొహాలు కనిపిస్తున్నాయి. గోటితో గీకింది. ఒక్కటి కూడా రాలలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. గుళిక ఎక్కడ ఆగిందో, ఎముక ఎక్కడ మొదలైందో ఆమె కంటికి అందలేదు.

ఫొటోలు తీసి వందనకు పంపింది. వెంటనే ఫోన్ మోగింది. అవతల మాట లేదు, ఏడుపు.

"మేడం, ఏడుసుడు తర్వాత. ఏమంటరు?"

"మానింది నర్మదగారూ. పూర్తిగ మానింది. చీము పట్టిన బొక్కైతే చెద తిన్న కట్టె లెక్క గుంటలు పడి ఉంటది. ఇది చూడుండ్రి, ఎంత నున్నగున్నదో. గాయన గీ కాలు మీద ఉరికేటోడు గూడ."

"మరి దేంతోని చచ్చిపోయిండు?"

 నర్మద డబ్బా తెరిచి, అందులోని రొట్టెలు పక్క రాయి మీద పెట్టి, ఎముకనూ ప్లేటునూ గుడ్డతో సహా లోపల సర్ది మూత బిగించింది. నీళ్లు తెల్లరాయిని తాకాయి.

అప్పుడు ఆమె చూపు మళ్లీ బొంత మీద పడింది.

చనిపోయిన మనిషి పక్కబట్టలు వాగు దగ్గర పారేయడం అందరూ చేసేదే. విసిరేసి వెనక్కి చూడకుండా పోతారు. ఎవరూ మడత పెట్టరు. ఎవరూ తాడుతో కట్టరు. ఈ బొంతకు మాత్రం నాలుగు వైపులా తాడు బిగించి ముడి మీద ముడి వేశారు. ఎవరూ ముట్టరని తెలిసిన వస్తువుకు అన్ని ముళ్లెందుకు?

పళ్లతో ముడి విప్పింది. ఇంట్లో తెలిస్తే తలస్నానం చేసినా గడప తొక్కనివ్వరేమో అనుకుంది, అనుకుంటూనే విప్పింది. లోపల సెలైన్ గొట్టం చుట్ట చుట్టి ఉంది. ఖాళీ గ్లూకోజ్ సీసా ఒకటి. కట్టు గుడ్డలు ఉంటాయేమోనని దులిపింది. ఏడాదంతా కట్టు కట్టానన్న మనిషి చుట్టిన మూటలో చీము మరక ఉన్న గుడ్డపేలిక ఒక్కటి కూడా లేదు. దులిపినప్పుడు మాత్రం మెడ విరిగిన చిన్న గాజు మందుబుడ్లు రెండు ఇసుకలో పడ్డాయి. వాటి మీద అచ్చువేసిన పేరు వందనకు చదివి వినిపించింది.

"గది ఇంట్లకెట్ల వచ్చింది?" వందన గొంతు మారిపోయింది. "పెద్ద దవాఖానల, మిషన్ల నడుమ, చుక్కచుక్క లెక్కవెట్టి ఇచ్చే మందు గది. సీసల ఎక్కువ కలిపి ఒక్కపారే నరంలకు వదిలితే గుండె ఆగిపోతది. బయటికి ఏం కనవడదు. నిద్రల పోయిండు అనుకుంటరు."

కాలు మానక హనుమంతు చనిపోలేదు. మానింది కాబట్టే చంపేశారు. డాక్టరమ్మ మీద ఫిర్యాదు పెట్టింది ఆ సంగతి కప్పడానికే. కుంటుతూ నాటకమాడినంత కాలం బతకనిచ్చి, నాటకం చాలించగానే సీసా తగిలించారు. ఎముక దాచిన ఐలవ్వా, సీసా దాచిన అంబదాసూ ఒకరికి తెలియకుండా ఒకరు ఎవరూ ముట్టని చోటునే నమ్ముకున్నారు.

గోడకు కొట్టిన కొత్త మేకు కళ్ల ముందు మెదిలింది. దాని చుట్టూ పెచ్చు ఊడిన సున్నం. దాని కింద మంచం. మంచం మీద ఐలవ్వ.

నర్మద వందన కాల్ కట్ చేసింది. భానుప్రసాద్ నంబరు నొక్కింది.

"మళ్ల ఏంది మేడం? చాయ్ తాగనిస్తరా లేదా?"

"ఏడున్నరు సార్?"

"గల్లీ మూలకు, హోటల్ల. ఎందుకు?"

"ఉరుకుండ్రి. ఐలవ్వ చేతిల సూది పీకేయుండ్రి. సీస పగలగొట్టకుండ్రి, సూది మాత్రం పీకుండ్రి."

"ఏం మాట్లాడుతున్నరు? అల్లుడు గ్లూకోజ్ ఎక్కిస్తుంటే..."

"మామకు గూడ గాయనే ఎక్కించిండు. గా మేకు గందుకే కొట్టిండు. సార్, నన్ను తర్వాత తిట్టుండ్రి, కేసు గూడ రాయుండ్రి. ఇప్పుడైతే ఉరుకుండ్రి!"

 అవతల కుర్చీ పడిన చప్పుడు. బూట్ల చప్పుడు. ఎవరినో పక్కకు జరగమన్న అరుపు. తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు, రచన కేక, "సార్, ఏంది సార్, మా అవ్వను ఏం చేస్తున్నరు!" ఆ తర్వాత భానుప్రసాద్ ఊపిరి మాత్రమే, దగ్గరగా, బరువుగా.

"పీకిన," అన్నాడు. "ఇప్పుడే పెట్టినట్టున్నది, సగం కూడ పోలే. కళ్లు తెరుస్తున్నది. కాని గొట్టం మీది చక్రం మొత్తం వదిలి ఉన్నది మేడం. ధార లెక్క పోతుండె."

నర్మద ఇసుకలో కూర్చుని ఫోన్‌ను చెవికి అదుముకుంది. ఫోన్‌లో దూరంగా ఐలవ్వ గొంతు వినిపించింది. ఎవరితో మాట్లాడుతోందో ఆమెకే తెలిసినట్టు లేదు.

"ఆయన కాలు మంచిగైంది. తలుపేసుకొని ఇంట్లనే నడిచేటోడు, నాకు చూపిచ్చి నవ్వేటోడు. బోర్డు కాడ కుంటుమని అల్లుడు చెప్తే కుంటిండు, బిడ్డ కోసమని. ఆఖరికి ఇంక నాతోని గాదన్నడు. గంత మంచిగ చేసిన కాలును కుంటి కాలని ఎట్ల చెప్పాలె, డ్యూటీ ఎక్కుత అన్నడు. గా మాట అన్న రోజే... రచనా, నీ మొగడు బిడ్డా. నీ మొగడని నోరు మూసుకున్న."

 

"సార్, అంబదాస్‌ను పట్టుకున్నరా?"

"లేడు." భానుప్రసాద్ గొంతులో మొదటిసారి పెత్తనం లేదు. "వెనక తలుపు తీసున్నది. బండి గూడ లేదు. మేడం, మీరు ఎక్కడున్నరు?"

ఆమె జవాబు చెప్పేలోపే గట్టు మీద మోటార్ సైకిల్ ఆగింది.

వెనకాల వాగు తెల్లరాయిని మింగేసి మడమల దాకా వచ్చింది. ముందు గట్టు దిగడానికి ఉన్నది ఒక్కటే దారి. ఆ దారిలో అంబదాస్ నిదానంగా దిగి వస్తున్నాడు, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ.

"వాగు దగ్గర," అంది నర్మద ఫోన్‌లోకి. "కట్ చెయ్యకుండ్రి. ఇనుకుంట రాండ్రి." ఫోన్‌ను కొంగు మాటున నడుముకు దోపుకుంది. డబ్బాను రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడింది.

"మేడం, గా బొక్క మా ఇంటిది," అన్నాడు అంబదాస్, మర్యాదగా, చెయ్యి చాపి. "అత్తమ్మ చెప్తుంటే ఇన్న. మా మామది. మాకు ఇచ్చెయ్యుండ్రి, గంగల కలుపుకుంటం."

"కలుపుదువుగాని తమ్మీ. ముందు ఒక్కటి చెప్పు, గట్టిగ చెప్పు, వాగు చప్పుడుకు నాకు ఇనవడ్తలేదు." ఆమె ఒక అడుగు పక్కకు జరిగింది. ఆమె వెనక దాగి ఉన్నది అతనికి కనిపించేలా జరిగింది. "చచ్చినోని బొంతకు గన్ని ముళ్లు ఎవరేసిన్రు?"

అంబదాస్ చాపిన చెయ్యి గాలిలోనే ఆగింది. అతను డబ్బా వైపు చూడలేదు. విప్పి పరిచిన బొంత వైపు చూశాడు, తర్వాత దాని దాకా పాకుతున్న నీళ్ల వైపు. ఆమె ఎత్తుకునేలోపే బుడ్లతో సహా దాన్ని వాగులోకి తోసెయ్యాలని, గట్టు దారి వదిలేసి పరుగందుకున్నాడు.